మేకలు లేని లెక్క

మా కాలేజీ వరండాలో నోటీసు బోర్డుకు అద్దాల తలుపు ఉంది. మొదట్లో లేదు. పిల్లలు పరీక్ష తేదీల కాగితాలు చింపుకుపోతున్నారని తరువాత పెట్టించారు. ఆ తలుపుకు చిన్న తాళం, ఆ తాళానికి ఒకటే చెవి, ఆ చెవి నా కొంగు ముడిలో. గదులు ఊడ్చేది నేనే, బెల్లు కొట్టేది నేనే, కాగితాలు అతికించేది నేనే. అయిదో తరగతితో ఆగిన చదువు నాది. అయినా ప్రతి కాగితాన్నీ కూడబలుక్కుని చదివాకే గోడకు ఎక్కిస్తాను. ఏముందో తెలియని దాన్ని నా చేతులతో అతికించడం నాకు మొదటినుంచీ ఇష్టం ఉండదు.

నల్లగొండ నుంచి బస్సులో పోయేంత దూరంలో ఉంటుంది మా కాలేజీ. రాష్ట్రం వచ్చిన తరువాత రెండు మూడేళ్లకు కొత్త గదులు లేచాయి. ఎకనామిక్స్ చదివే ఆఖరి ఏడాది పిల్లలు పదకొండు మంది. అందులో నా బిడ్డ ఒకతి. నార్కట్‌పల్లి నుంచి వచ్చేవాళ్లు కొందరు. ఒక పిల్లవాడు చౌటుప్పల్ మందుల కంపెనీలో షిఫ్టు చేసి, కళ్లు ఎర్రగా, నేరుగా క్లాసుకు వచ్చి కూర్చునేవాడు.

ఆ ఏడు కొత్త మేడం వచ్చింది. మహబూబ్‌నగర్ వైపు పిల్ల. తల్లీ తండ్రీ ఊళ్లు పట్టుకుని మట్టిపనికి పోయి చదివించిన బిడ్డ. అందుకేనేమో, గొంతు చిన్నదే కానీ పట్టు మాత్రం పెద్దది. ఆపరేషన్స్ రీసెర్చ్ అనే పేపరు చెప్పేది. ఉన్న భూమి, ఉన్న నీళ్లు, ఉన్న మనుషులు ఇంతే అయినప్పుడు, వాటితోనే ఎక్కువలో ఎక్కువ ఎట్లా రాబట్టాలో లెక్కగట్టి చెప్పే విద్య అది. నాకు ఈ మాట తరువాత తెలిసింది. అప్పట్లో నాకు తెలిసిందల్లా, ఆ పీరియడ్ అయిపోయాక బోర్డు తుడవడానికి రెండు బట్టలు కావాలని. అన్ని గీతలు ఉండేవి.

పుస్తకంలో లెక్క బల్లలూ కుర్చీలది. ఒక వడ్రంగి దగ్గర ఇంత కర్ర ఉంది, ఇంత పొద్దు ఉంది, ఎన్ని బల్లలు, ఎన్ని కుర్చీలు చేయాలి అని. మేడం అదే లెక్కను మూడు వారాలు చెప్పింది. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. మా బిడ్డ ఇంట్లో గొర్రెల దొడ్డి ఊడుస్తూ కూడా "బల్లలు నాలుగు, కుర్చీలు తొమ్మిది" అని పాటలాగా అనేది. నాకు మహా సంతోషంగా ఉండేది.

కాలేజీ పరీక్ష పెట్టినప్పుడు మేడం లెక్కను కొద్దిగా మార్చింది. కర్ర తీసేసి మట్టి పెట్టింది, బల్లలు తీసేసి కుండలు పెట్టింది. పదకొండు మందిలో తొమ్మిది మంది ఏం రాశారో తెలుసా? బల్లలు నాలుగు, కుర్చీలు తొమ్మిది. మా బిడ్డ కూడా అదే రాసింది. ప్రశ్నలో బల్ల అన్న మాటే లేదు. స్టాఫ్ గదిలో ఆ పేపర్లు చేతులు మారి మారి నవ్వులు లేచాయి. నేను టీ గ్లాసులు ఎత్తుకుంటూ విన్నాను. అక్కడ నవ్వనిది ఒక్క మేడమే.

ఎకనామిక్స్‌కు పెద్ద సారు ఒకరు ఉండేవారు. హైదరాబాద్ నుంచి రోజూ వచ్చిపోయేవారు. చెడ్డ మనిషి కాదు, నా కొడుకు జ్వరంతో దవాఖానలో ఉన్నప్పుడు నాకు సెలవు ఇప్పించిన మనిషి. కానీ ఆ రోజు ఆయన అన్న మాట నా చెవిలో ముల్లులాగా దిగింది.

"ఊరి పిల్లలకు ఇది ఎక్కదు మేడం. ఎందుకు వాళ్లకూ మీకూ ఈ కష్టం? సులువైన పేపరు ఇంకోటి పెట్టేద్దాం."

రెండు రోజులకు కాగితం నా చేతికి వచ్చింది. వచ్చే ఏడాది నుంచి ఆ పేపరు మా కాలేజీలో ఉండదని, ఈ పదకొండు మంది కూడా కావాలంటే ఇప్పుడే వేరే పేపరుకు మారవచ్చని ఉంది. చదివాను. మడిచి రవికలో పెట్టుకున్నాను.

సాయంత్రం పెద్ద సారు బోర్డు దగ్గర ఆగారు.

"ఏమ్మా, కాగితం ఇంకా పెట్టలేదేం?"

"పెట్టను సారూ."

"పెట్టవా? తాళంచెవి పోయిందా?"

"యాడికి పోతది, గిదో కొంగుకే ఉన్నది."

ఆయన నవ్వాలా కోపం తెచ్చుకోవాలా తేల్చుకోలేకపోయారు. "చూడమ్మా, ఏ పేపరు ఉండాలో మేము చూసుకుంటాం. నువ్వు ఊడ్చుకో."

"ఊడుస్తనే ఉన్న సారూ. ఊడ్సుకుంట ఊడ్సుకుంటనే మీ మాట విన్న. పొల్లగాండ్లకు ఎక్కదన్నరు. మేం గుట్టల పొంటి మంద తోలుకపోతే యాడ గడ్డి ఉన్నదో, యాడ నీళ్లున్నయో, పొద్దు గూకేలోపు యాడికి చేరాల్నో మతిలనే లెక్క జేసుకుంటం. గసొంటోళ్ల పిల్లలకు లెక్క ఎట్ల ఎక్కదు సారూ? ఒక్క తాప సూడుండ్రి. అప్పుడు గూడ చెయ్యకపోతే నేనే అతికిస్త, నాలుగు మూలలకు టేపు ఏసి మరీ."

వరండాలో పిల్లలు ఆగి చూస్తున్నారు. ఆయనకు మొహమాటంగా అనిపించినట్టుంది. "సరే. ప్రాజెక్టులు చూడటానికి బయటి నుంచి పరీక్ష సారు వస్తారు కదా. ఆ రోజు వీళ్లు ఒక్క లెక్కైనా సొంతంగా చేసి చూపిస్తే ఉంచుదాం. లేదంటే కాగితం పెడతావు. నువ్వు చేసిన పనికి మెమో మాత్రం వస్తుంది."

"రానియ్యుండ్రి."

మెమో నిజంగానే వచ్చింది. నోటీసు ఎందుకు పెట్టలేదో రాతపూర్వకంగా చెప్పమని. నేనే నా చేతులతో రాశాను: "తాళంచెవి పోలేదు. నా దగ్గరనే ఉన్నది. కాగితం కూడ ఉన్నది. పిల్లలు లెక్క చేసినంక మాట్లాడుకుందాం." కింద సంతకం పెట్టాను. గుమాస్తా ఆ కాగితాన్ని ఫైలులో పెడుతూ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

ఇంటికి పోతే మా బిడ్డ నా మీద విరుచుకుపడింది.

"నీకేం పనమ్మా? అందరి ముంగట ఇజ్జత్ తీసినవ్. మాకు సులువైన పేపర్ ఇస్తమంటున్నరు. తీసుకుంటే నీకేం నొప్పి?"

"సులువని ఇస్తలేరు బిడ్డా. మీతోని కాదని ఇస్తున్నరు. గీ రెండింటికి ఫరక్ తెల్వదా నీకు?"

"నిజంగనే మాతోని అయితలేదు."

"గా మాట నువ్వు జేసి సూసి చెప్పు. బల్లలు కుర్చీలని బట్టీ కొట్టి చెప్పకు."

ఆ పూట అది అన్నం తినలేదు. నేను తిన్నాను. అలిగినవాళ్ల కోసం నేను కూడా పస్తుంటే మరుసటి రోజు ఇద్దరికీ కొట్లాడే ఓపిక ఉండదు.

మరునాడు క్లాసు అయిపోయాక బోర్డు తుడవడానికి పోతే మేడం ఒక్కతే ముందు బెంచీ మీద కూర్చుని బోర్డును చూస్తోంది. నాలుగు గీతలు, వాటి నడుమ సుద్దముక్కతో గీకి నింపిన ఒక జాగా.

"మేడం, గా నడుమ జాగా ఏందమ్మా?"

"మనం తిరగగలిగిన జాగా అమ్మా. ఈ గీత దాటితే కర్ర సరిపోదు, ఆ గీత దాటితే పొద్దు సరిపోదు. లోపల ఎక్కడైనా ఉండొచ్చు. కానీ అన్నిట్లకన్న మంచి జవాబు యాడ ఉంటదో తెలుసా? నడుమ ఉండదు. రెండు గీతలు కలిసే మూలకు ఉంటది. ఎందుకో ఎంత చెప్పినా వీళ్లకు సమజ్ అయితలేదు."

నాకు నవ్వు వచ్చింది. "గిదేం వింత మేడం? చెల్క నడుమ గడ్డి ఉంటదా? నడుమ నాగలి తిరుగుతది. గడ్డి గట్టు పొంటి ఉంటది. రెండు గట్లు కలిసే మూలకు ఇంక మస్తు ఉంటది. గొర్లు ఒడ్డు పట్టుకొని పోయి పోయి గా మూలకే జమైతయ్. మా ఇంటోళ్లందరికి ఎర్క."

మేడం లేచి నిలబడింది. బోర్డు వైపు చూసింది, నా వైపు చూసింది. "అమ్మా, ఆదివారం మీ ఇంటికి రావచ్చునా? పిల్లలందరితోని?"

ఆదివారం పదకొండు మందీ వచ్చారు. మా ఇంటి ముందు నాపరాళ్లు పరిచిన జాగా ఉంది. దాని మీద సుద్దముక్కలతో కూర్చున్నారు. బల్లలు లేవు, కుర్చీలు లేవు. ఎండాకాలం మూడు నెలలు మా మందను ఎట్లా దాటించాలి అన్నదే లెక్క. మేకకు చెట్లెక్కి మండలు, అంటే ఆకు కొమ్మలు, కొట్టాలి, దానికి మనిషి పొద్దంతా పోతుంది. గొర్రెకు గడ్డి, చొప్ప చాలు. బోరు నీళ్లు రెండింటికీ పెట్టాలి. దసరాకు అమ్మే నాటికి మంద మొత్తం బరువు ఎక్కువగా పెరగాలి. గొర్రెలు ఎన్ని ఉంచుకోవాలి, మేకలు ఎన్ని?

మొదట్లోనే చిక్కు వచ్చింది. మంద తలలు ఎన్నో మా ఆయన బయటికి చెప్పడు. వాళ్ల నాయన చెప్పలేదు, తాత చెప్పలేదు. దిష్టి తగులుతుందని మా నమ్మకం. చౌటుప్పల్ పిల్లవాడు తెలియక, "మామా, మొత్తం ఎన్నున్నయే?" అని అడిగేశాడు. మా ఆయన మొహం మాడింది. "నువ్వు కంపెనీల ఎన్ని గోళీలు జేసినవో నేనడిగిన్నా?"

మేడం వెంటనే అందుకుంది. "చెప్పకు కాకా. మాకు అవసరం లేదు. గొర్లు ఎక్స్, మ్యాకలు వై అంటం. ఉన్నయి ఎన్నో ఎవ్వరికి తెలువనవసరం లేదు. ఉండవలసినయి ఎన్నో మేం తీస్తం."

"గట్లయితే సరే," అన్నాడు మా ఆయన. "గిది మంచి సదువే. గుట్టు బయటికి పోదు."

మా బిడ్డ అప్పుడు తల ఎత్తింది. మూడు వారాలు ఎక్స్ అని రాసింది కానీ, ఎందుకు అంటారో దానికి ఆ రోజే తెలిసిందని తరువాత చెప్పింది. మా మంద సంఖ్య నేను ఇక్కడ కూడా రాయను.

మధ్యాహ్నం దాకా గీతలు గీశారు. జొన్న రొట్టెలు, పచ్చిపులుసు పెట్టాను. తింటూ కూడా గీశారు. ఆఖరికి మూల దొరికింది. అది కింది అడ్డగీత మీదికి దిగిపోయింది. అంటే అన్నీ గొర్రెలే. మేకలు సున్న.

మా బిడ్డ మొహం వెలిగిపోయింది. వాళ్ల బాపును పిలిచి చూపించింది. ఆయన ఆ గీతలను ఇటు తిరిగి అటు తిరిగి చూశాడు.

"మ్యాకలేవి బిడ్డా?"

"సున్న బాపు. మ్యాకలుంటే నష్టం. లెక్క తేలింది."

"తేలిందా? గట్లయితే రేపు పొద్దుగాల మ్యాకలను కట్టేస్త. మందను మీరే తోలుకపోండ్రి, రోడ్డు అవుతలి బీడు చెల్కలకు."

నాకు ఏం జరగబోతుందో తెలుసు. మా ఆయనకూ తెలుసు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, చూసుకుంటే నవ్వు ఆగదని.

పొద్దున్నే ఆరుగురు వచ్చారు, మేడం కూడా వచ్చింది. పెద్ద రోడ్డు పక్కదాకా మంద బాగానే నడిచింది. రోడ్డు మీద నిమిషానికో లారీ, అందుకని రోడ్డు కింది కల్వర్టులోంచి దాటిస్తాం. లోపల చీకటి, అడుగున నీటి తడి. ముందు గొర్రె కల్వర్టు మూతి దగ్గర ఆగింది. ఆగిందంటే ఆగింది. వెనుకవి దాని మీదికి ఎక్కాయి. గొర్రె ఎప్పుడూ ముందున్నదాని తోకను చూస్తుంది, ముందున్నదానికి చూడటానికి ఏమీ లేదు. చౌటుప్పల్ పిల్లవాడు ఒకదాన్ని చెవులు పట్టి లోపలికి గుంజాడు. అది వాడినే బయటికి గుంజింది. మా బిడ్డ వెనుకనుంచి అదిలిస్తే సగం మంద వచ్చిన దారే పట్టింది. మేడం చున్నీ నడుముకు చుట్టుకుని బురదలో మోకాళ్ల దాకా దిగి, "రా తల్లీ, రా తల్లీ" అని గొర్రెను బతిమాలుతోంది. లారీ డ్రైవర్లు హారన్లు కొట్టి మరీ పోతున్నారు.

అప్పుడు మా ఆయన నిదానంగా మేకలను పట్టుకొచ్చాడు. మా దగ్గర ఒక ముసలి నల్లమేక ఉండేది, ఒక కొమ్ము విరిగింది. అది గొర్రెలను తోసుకుంటూ ముందుకు పోయి, కల్వర్టు లోపలికి ఒకసారి చూసి, ఇంట్లోకి పోయినట్టు పోయింది. దాని వెనుక మంద అంతా నీళ్లు పారినట్టు పారింది. చిటికె వేసినంత సేపట్లో ఇటువైపు ఖాళీ.

"మ్యాక లేకుంటే మంద కదలదు," అన్నాడు మా ఆయన. "తల్లి సచ్చిన గొర్రెపిల్ల బతుకుడు గూడ మ్యాక పాలతోనే. మీ సున్న మంచిగనే ఉన్నది. దాన్ని గీ రోడ్డు దాటించుండ్రి సూస్త."

పిల్లలు తలలు వంచుకున్నారు. నేను మేడం వైపు చూశాను, ఏడుస్తుందేమోనని. ఆమె బురద చేతులతోనే సంచిలోంచి పుస్తకం తీసింది.

"ఎవ్వరు తల దించొద్దు. గీతలు మంచిగనే గీసిండ్రు, కూడిక తప్పలేదు. ఒక గీత మరిచిపోయిండ్రు. కాకా, ఎన్ని గొర్లకు ఒక మ్యాక ఉండాలె?"

మా ఆయన ఆలోచించాడు. ఇది మంద సంఖ్య కాదు కనుక చెప్పవచ్చు. "ఇరవైకి ఒకటన్న ఉండాలె."

అక్కడే, కల్వర్టు గోడ మీద, సుద్దముక్కతో మా బిడ్డ ఆ గీత గీసింది. అడుగు మూల నుంచి బయలుదేరి, కొద్దిగా వాలుగా పైకి పోయే గీత. దాని కింద ఉన్న జాగా మొత్తం కొట్టివేసింది. పాత మూల పోయింది. వాలుగీత, నీళ్ల గీత కలిసేచోట కొత్త మూల వచ్చింది. మేకలు వచ్చాయి. చౌటుప్పల్ పిల్లవాడు పెదవులు కదుపుతూ మనసులో లెక్క సరిచూసుకున్నాడు. "మామా, గిప్పుడు దాటుతది," అన్నాడు. ఎవరూ చెప్పకుండా వాడు చేసిన మొదటి లెక్క అది.

పరీక్ష సారు వచ్చే రోజు వచ్చింది. పెద్ద వయసు మనిషి, అద్దాలు ముక్కు చివర పెట్టుకుని పైనుంచి చూస్తారు. నేను టీ పట్టుకుని గదిలోనే గోడకు ఆనుకుని నిలబడ్డాను. మడిచిన నోటీసు రవికలోనే ఉంది, చెమటకు మెత్తబడింది. మా బిడ్డ బోర్డు మీద గీతలన్నీ గీసి చెప్పింది. పెద్ద సారు అడ్డు తగిలారు.

"ఆ వాలుగీత ఏ పుస్తకంలోదమ్మా?"

"పుస్తకంలది కాదు సార్. కల్వర్టు కాడిది."

పరీక్ష సారు అద్దాలు పైకి తోసుకున్నారు. "ఆ గీత తీసేస్తే బరువు ఎక్కువ వస్తుంది కదా? ఎందుకు తగ్గించుకున్నారు?"

"కాగితం మీద ఎక్కువొస్తది సార్. కాని మంద రోడ్డు దాటదు."

"సరే. మీ బోరు ఎండింది అనుకో. నీళ్లు సగమే. ఇప్పుడు?"

మా బిడ్డ చెయ్యి బోర్డు మీద ఆగిపోయింది. చెప్పాలని నా నోటిదాకా వచ్చింది, పళ్లతో పట్టుకున్నాను. నేను చెబితే ఇంక ఆ కాగితం అతికించక తప్పదు. మా బిడ్డ కళ్లు మూసుకుంది. తరువాత నీళ్ల గీతను చేత్తో తుడిచి, లోపలికి జరిపి గీసింది. వాలుగీతను ముట్టుకోలేదు.

"నీళ్లు తగ్గినయని మ్యాక పని తగ్గదు సార్. మూల ఈ గీత మీదనే కిందికి జారుతది. మంద చిన్నదైతది. ఇరవైకి ఒకటి మాత్రం పోదు."

పరీక్ష సారు పదకొండు మందికీ ఒక కొత్త లెక్క ఇచ్చారు. గొర్రెలు లేవు, మేకలు లేవు. ఒక డిపోలో పెద్ద బస్సులు, చిన్న బస్సులు ఎన్ని నడపాలి అని. పదకొండు తలలూ కాగితాల మీదికి వంగాయి. ఈసారి ఒక్కరూ బల్లలు రాయలేదు. చౌటుప్పల్ పిల్లవాడు అలవాటుగా మేకలు అని రాసి, నాలుక కరుచుకుని కొట్టేశాడు.

కొంతసేపటికి మా బిడ్డ లేచి నిలబడింది.

"సార్, డ్రైవర్లు ఎంతమందో చెప్పలేదు మీరు."

"ప్రశ్నలో లేదుగా?"

"లేదు సార్. అందుకే అడుగుతున్న. డ్రైవర్ లేకుంటే బస్ కదలదు. గా గీత లేకుండ చేస్తే జవాబు వస్తది గని, బస్ డిపోల్నే ఉంటది."

"నిజమే సార్," అని వెనుక బెంచీల నుంచి ఇద్దరు ముగ్గురు అన్నారు. పరీక్ష సారు నవ్వారు. ప్రశ్న కాగితం తీసుకుని డ్రైవర్ల సంఖ్య తన కలంతోనే రాసి తిరిగి ఇచ్చారు. మేడం కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఆమె భుజాలు కదలడం నాకు కనబడింది, పిల్లలకు కనబడలేదు.

అందరూ పోయాక పెద్ద సారు వరండాలో నా ముందు చెయ్యి చాపారు.

"ఆ కాగితం ఇటు ఇవ్వమ్మా."

తీసి ఇచ్చాను. మెత్తబడిన ఆ మడతను ఆయన విప్పలేదు. అట్లాగే జేబులో పెట్టుకున్నారు.

"టీ తాగుతరా సారూ?"

"ఇవ్వు," అన్నారు.

సెలవులు అయిపోయి కాలేజీ తెరిచిన రోజు కొత్త ఏడాది టైంటేబుల్ నా చేతికి ఇచ్చారు. ఎప్పటిలాగే కూడబలుక్కుని చదివాను. గురువారం రెండో పీరియడ్‌లో ఆ పేపరు పేరు ఉంది. పక్కన మేడం పేరు ఉంది. నాలుగు మూలలకూ టేపు వేసి, అద్దం మూసి, తాళం వేశాను. చెవి ఇప్పటికీ నా కొంగు ముడిలోనే ఉంది.